రాతిపువ్వులో మూడోది

సోమవారం పొద్దున డాక్టరుగారు కల్చర్ గది గుమ్మం దగ్గరే ఆగిపోయారు. లోపలికి రావాలంటే బయటి చెప్పులు విప్పి, గోడవారగా ఉన్న తెల్ల చెప్పులు తొడుక్కోవాలి. ఆయన విప్పలేదు. లోపల స్టూలు మీద కూర్చున్న ఆవిడ చేతిలో ట్యూబు ఉంది, చిటికెనవేలి మడతలో దూది బిరడా ఉంది, ఎదురుగా స్పిరిట్ దీపం వెలుగుతోంది. మధ్యలో వదిలేసి లేచే పని కాదు. అందుకని తల మాత్రం తిప్పింది.

"మూడొందల పన్నెండు ట్యూబుల్లో నలభై ఒకటి," అన్నారు డాక్టరుగారు, చేతిలో కాగితం చూస్తూ. "నలభై ఒక్కదాంట్లో వైరస్ ఉందట. మనం ట్యూబులు పంపిన చోట పరీక్ష చేసి రాశారు."

ఆవిడ ట్యూబు మూతిని మంటలో ఒక్క తిప్పు తిప్పి, బిరడా పెట్టి, స్టాండులో నిలబెట్టింది. ఆ తర్వాత గానీ ఆ మాట లోపలికి దిగలేదు.

"మన ట్యూబుల్లోనా సార్?"

"మనవే. మీరు పెంచినవే."

ఈయన మందులిచ్చే డాక్టరు కాదు, రాతిపువ్వుల డాక్టరు. రాళ్ల మీదా పాతగోడల మీదా బూడిదరంగు అట్టలుగా, పసుపు పొక్కులుగా పట్టి ఉంటుందే, అది. మచ్చ అనుకుని మనం పక్కన్నించి వెళ్లిపోతాం. నిజానికి అది ఒక ప్రాణి కూడా కాదు. ఒక బూజూ ఒక నాచూ కలిసి పెట్టుకున్న కాపురం. బూజు ఇల్లు కట్టి తేమ పట్టి ఉంచుతుంది, నాచు ఎండ తాగి ఇద్దరికీ వండి పెడుతుంది. ఆ కాపురంలోంచి నాచునొక్కదాన్నే బయటికి తీసి, గాజు ట్యూబులో జెల్లీ మీద పెంచడం ఆవిడ ఉద్యోగం. మూడు నెలలకోసారి పాత ట్యూబులోంచి చిటికెడు తీసి కొత్త ట్యూబులో పెట్టాలి. పదకొండేళ్లుగా అదే పని. ఒక్కో పనిముట్టునీ రెండేసి సార్లు మంటలో పెడుతుందని భవనంలో అందరూ ఆవిణ్ణి చాదస్తమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్లు, ఇప్పుడు మొహంమీదే అంటారు, ఆవిడా పలుకుతుంది.

"ఏ వైరస్ సార్?"

"అదే వింత. ఆపిల్ ఆకులకి మచ్చలు తెప్పించే జాతిది." డాక్టరుగారు కాగితం మడిచారు. పక్కగదిలో ఆరేళ్లుగా ఆపిల్ ఆకుల తెగుళ్ల మీదే పని జరుగుతోంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ ఎత్తలేదు. "ఈ గదిలోకి మీరు కాక ఇంకెవరొస్తారు?"

"ఎవరూ రారు సార్. నేను రానివ్వను."

గర్వంగానే అంది. అన్నాక తెలిసింది, తన మెడకు తనే తాడు వేసుకున్నానని.

"సరే. ఏం జరిగి ఉంటుందో వివరణ రాసివ్వండి. శుక్రవారం ఆ నలభై ఒకటీ ఆటోక్లేవ్‌లో వేసి ఉడకబెట్టేద్దాం. మన ట్యూబులు వెళ్లిన మిగతా చోట్ల నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి, నేనేం సమాధానం చెప్పను?" వెళ్లబోతూ ఆగి, గొంతు తగ్గించారు. "మీ పొడిగింపు కాగితం నా బల్ల మీదే ఉంది. ఇది తేలాక సంతకం పెడతాను."

నెలాఖరుకు తొమ్మిది రోజులుంది. ప్రతి ఏడూ ఆ కాగితం మీద సంతకం పడితేనే ఆవిడకు మరో ఏడాది ఆ స్టూలు మీద కూర్చునే హక్కు. ఆవిడ దీపం మీద మూత పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నిజంగానే తన చేతుల్నే చూసుకుంది. తడుముకోవడానికి కారణం కూడా ఉంది.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆవిడ లూపు విరిగింది. కొసన చిన్న ఉంగరంలా వంచిన తీగ అది, నాచు చిటికెడు ఎత్తేది దాంతోనే. కొత్తది స్టోర్లో లేదు. పక్కగదికి వెళ్లి అక్కడి ఆకులాయన దగ్గర ఒక్క పూటకి లూపు అడిగి తెచ్చుకుంది. తెచ్చాక మంటలో కాల్చింది. కాల్చే ఉంటుంది. కాల్చకుండా ఎలా ఉంటుంది? రోజుకు వందసార్లు కాల్చే చెయ్యి అది. కానీ ఆ ఒక్కసారి కాల్చినట్టు గుర్తు తెచ్చుకుందామంటే, మిగతా వేలసార్లు అడ్డమొస్తున్నాయి తప్ప ఆ ఒక్కటీ దొరకడం లేదు.

ఇంటికొచ్చేసరికి ఆడపడుచు వాకిట్లో వెలుతురుకు కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతోంది. పద్ధెనిమిదేళ్ల కిందట నెల రోజులకని వచ్చిన మనిషి. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు.

"ఏంటొదినా, మొహం అలా వేలాడేశావ్? ట్యూబులేమైనా పగిలాయా?"

"పగిలితే బాగుండేది."

భర్త ఇంకా రాలేదు. ఆయనది కళ్లజోళ్ల దుకాణం, ఎవరికో అద్దాలు సరిపోక నిలబడిపోయి ఉంటాడు. ఆవిడ కాళ్లు కడుక్కుని, కాగితం కలం తెచ్చుకుని ఆడపడుచు పక్కనే చతికిలబడింది. వివరణ రాయాలి. 'గౌరవనీయులైన డాక్టరుగారికి' అని రాసి, దానికింద గీత గీసి, ఆ గీతను మరో రెండుసార్లు దిద్దింది. చెప్పాల్సింది మాత్రం రాలేదు.

విషయమంతా విని ఆడపడుచు సూది గుండీలో ఉంచేసి నవ్వింది. "అయితే కాపురాలు కూల్చే ఉద్యోగంలో ఇన్నాళ్లకి దొరికిపోయావన్నమాట."

"నవ్వకు. కాగితం మీద ఒక్క మాట పడటం లేదు."

"సరే, నవ్వను. ఆ లూపు సంగతి రాయకు. ఎవడు చూశాడు?"

"ఆకులాయన చూశాడు. ఇచ్చిందే ఆయన."

"ఆయన చెప్పడు. చెబితే ఆయనకీ చుట్టుకుంటుంది. పోనీ, కాల్చానని రాసెయ్. అబద్ధమని ఎవరంటారు?"

"అబద్ధమో కాదో నాకే తెలీదే."

ఆడపడుచు దారం పళ్లతో కొరికింది. తర్వాత మామూలుగా అన్నట్టే అంది. "నాకర్థం కాదు వదినా. అది బయట్నుంచి వచ్చిందనే ఎందుకనుకుంటున్నారు మీరంతా? మొదట్నుంచీ లోపలే ఉందేమో. నన్నే తీసుకో. పక్కింటావిణ్ణి అడుగు, ఈ ఇల్లు నాది, నువ్వూ అన్నయ్యా అద్దెకొచ్చారు అనుకుంటుంది."

ఆవిడ కలం ఆగింది.

"ఉంటే, నాచుకి జబ్బు చెయ్యాలి కదా. ట్యూబులన్నీ పచ్చగా ఉన్నాయి. ఒక్కటీ వాడలేదు."

"నేనున్నానని మీకేం జబ్బు చేసింది?" అంది ఆడపడుచు. ఈసారి నవ్వలేదు. గుండీ గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుంది.

ఆవిడకు ఆ మాట మనసులో పడిపోయింది. మొదట్నుంచీ ఉండి ఉంటే, పక్కగదికి ఆపిల్ ఆకులు రాకముందు కూడా ఉండాలి. తను ఉద్యోగంలో చేరకముందు కూడా ఉండాలి. వరండాలో ఇనుప బీరువా నిండా పొట్లాలున్నాయి. ముప్ఫై, నలభై ఏళ్ల కిందట ఎవరెవరో ఏ కొండల మీదో చెక్కి తెచ్చి, కాగితంలో మడిచి, మీద పెన్సిల్‌తో తేదీ రాసి పెట్టిన ఎండు రాతిపువ్వులు. వాటిని ఎవరూ ముట్టరు. వాటిల్లో చూస్తే?

ఆ ఆలోచనతో ధైర్యం వచ్చింది, వెంటనే భయమూ వచ్చింది. చూశాక లేకపోతే? అప్పుడిక అనుమానం కాదు, రుజువే. తన చేత్తో తను తవ్వుకున్న గొయ్యి అవుతుంది.

కాగితం మీద మాత్రం లూపు సంగతి ఉన్నదున్నట్టు రాసింది. 'ఆ రోజు కూడా అలవాటు ప్రకారం దాన్ని కాల్చే ఉంటాను. కానీ కాల్చినట్టు నాకు ప్రత్యేకంగా గుర్తు లేదు.' ఆడపడుచు భుజం మీంచి చదివి తల కొట్టుకుంది. "నీ నిజాయితీ తగలెయ్య. అడగని దానికి కూడా జవాబు రాసే మనిషివి."

మంగళవారం పొద్దున్నే ఆ కాగితం డాక్టరుగారి బల్ల మీద పెట్టి, అక్కణ్నుంచి నేరుగా పక్కగదికి వెళ్లింది. ఆకులాయన సన్నగా, నడుం కొంచెం వంగి ఉంటాడు. ఎప్పుడూ ఏదో ఆకును వెలుగుకు పట్టి చూస్తున్నట్టే ఉంటాడు. ఆవిణ్ణి చూడగానే లేచి తలుపు దగ్గరకు వేశాడు.

"నేనెవరికీ చెప్పలేదండీ," అన్నాడు ఆవిడ నోరు తెరవకముందే. "ఆ లూపు సంగతి. మీరూ చెప్పకండి. మన ఇద్దరి మధ్యా..."

"రాసిచ్చేశానండీ."

ఆయన కూర్చుండిపోయాడు. "ఎందుకండీ రాశారు! ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఇప్పుడది నా మీదికొస్తుంది. ఆరేళ్లుగా ఈ గదిలోంచి ఆకుముక్క బయటికి పోనివ్వలేదు నేను."

"అందుకే వచ్చాను." పొట్లాల సంగతి చెప్పింది. ఆయన ముందు విననట్టే ఉన్నాడు. తర్వాత గడ్డం నిమురుకున్నాడు. తర్వాత లేచి, గోడమీది క్యాలెండరు వంక చూస్తూ నిలబడ్డాడు.

"ముప్ఫై ఏళ్ల కిందట ఈ గదేంటో తెలుసా? విరిగిన కుర్చీలు పడేసే గోదాం. ఆపిల్ అన్న మాట ఈ భవనంలో ఎవరూ అనలేదు."

"ఎండిపోయిన దాంట్లో వైరస్ తెలుస్తుందా?"

"పొడిగా, చీకట్లో ఉంటే దాని జాడ మిగలొచ్చు. మిగలకపోనూవచ్చు. మిగలకపోతే మాత్రం మనిద్దరికీ..." పూర్తి చెయ్యలేదు. "ముందు డాక్టరుగార్ని అడగండి."

డాక్టరుగారు ఫోన్లో ఉన్నారు. ఒక చెవితో అటు వింటూ రెండో చెవితో ఇటు విన్నారు. చేత్తో సరే అన్నట్టు ఊపారు. ఫోన్ పెట్టేశాక మాత్రం సూటిగా చూశారు. "మీ ఇష్టం. కానీ ఒకటి. లేదని తేలితే, నేనిక వెతకాల్సింది ఏమీ ఉండదు."

"తెలుసు సార్."

బీరువా తాళం బిగుసుకుపోయి ఉంది. కొబ్బరినూనె చుక్క వేసి తిప్పితే వచ్చింది. మూడు పొట్లాలు ఎంచుకుంది. ఒకదాని మీద ముప్ఫై నాలుగేళ్ల కిందటి తేదీ, రెండోదాని మీద ముప్ఫై ఒకటి, మూడోది ఇరవై తొమ్మిది. మడతలు విప్పితే కాగితం గోధుమరంగుకు తిరిగి, అంచులు పెళుసుగా ఉన్నాయి. లోపల రాయి పెచ్చుతో సహా రాతిపువ్వు, చెక్కి తెచ్చిన రోజు ఎలా ఉందో అలాగే.

మధ్యాహ్నం కల్చర్ గదిలో ఒక్కతే కూర్చుంది. బల్ల మీద గాలి వడగట్టే హుడ్‌లోంచి గాలి సన్నగా ఈల వేస్తోంది. కుడిచేతి వైపు మూడు పొట్లాలు. ఎడమచేతి వైపు స్టాండులో ఆ నలభై ఒక్క ట్యూబులూ, ఎర్ర టేపు చుట్టి. వాటిని అక్కణ్నుంచి తీయమని ఎవరూ చెప్పలేదు. ఆవిడకూ తోచలేదు. ఇప్పుడు మాత్రం అవి తనవైపే చూస్తున్నట్టు అనిపించింది.

ఎంత చిన్న పని! పట్టకారు కొస ఒక్కసారి ఆ ట్యూబులో ముంచి, దాంతోనే పొట్లంలోది తుంచితే చాలు. వైరస్ ఉందని వస్తుంది. ఖాయంగా వస్తుంది. ఎవరూ చూడరు. ఎవరికీ నష్టం లేదు. ఆకులాయన బతుకుతాడు, తను బతుకుతుంది, ట్యూబులు బతుకుతాయి. పైగా ఆ పొట్లాల్లో నిజంగానే ఉండి ఉంటే, ఇది అబద్ధం కూడా కాదు కదా. మనసు ఇలా లాయరులా వాదిస్తోంది. చెయ్యి నిజంగానే ఒకసారి ఎడమవైపుకు కదిలింది. ఆ సంగతి ఆవిడ ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు, ఆడపడుచుకు కూడా.

లేచింది. స్టాండును రెండు చేతులా ఎత్తి, గదికి ఆ చివర కిటికీ గట్టు మీద పెట్టి వచ్చింది. చేతి తొడుగులు విప్పి పారేసి, కొత్తవి తొడుక్కుంది. బల్ల తుడిచింది. పట్టకారు స్పిరిట్‌లో ముంచి మంటలో పెట్టింది. ఈసారి గుర్తుండాలి. అందుకని పైకే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పదిహేను దాకా లెక్కపెట్టి, చల్లారనిచ్చి, మొదటి పొట్లంలోంచి గోరంత ముక్క తుంచింది. మళ్లీ పదిహేను. రెండోది. మళ్లీ పదిహేను. మూడోది. మూడుసార్లూ గుర్తున్నాయి. ముక్కలు సీసాల్లో వేసి, పరీక్షకి ఆకులాయన చేతికిచ్చింది.

బుధవారం సాయంత్రం నాలుగింటికి ఆకులాయన వరండాలో దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో ఫోటో. నల్లటి కాగితం మీద వరసగా గడులు, వైరస్ ఉన్న గడుల్లో తెల్లటి సన్నని గీత.

"ఇదిగో, ముప్ఫై నాలుగేళ్లది, గీతుంది. ముప్ఫై ఒకటిది, ఉంది. మూడోదాంట్లో లేదు. ఇది ఉత్త నీళ్లు పోసిన గడి, చూడండి, ఖాళీ! అంటే నా గదిలోంచి అంటుకున్నది కాదు." ఆయన మొహం వెలిగిపోతోంది. "నేనీ భవనానికి రాకముందు నుంచీ ఉందండీ అది వాటిల్లో! నాచుతో పాటే కాపురం చేస్తోంది!"

ఆవిడకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, ఫోటో తీసుకుని తనూ గడులు లెక్కపెట్టింది. ఇద్దరూ కలిసే డాక్టరుగారి గదికి వెళ్లారు. నమూనాల పుస్తకం తెరిచి ఆకులాయన ఫోటో అతికించాడు. తేదీ, పొట్లం సంఖ్య, ఫలితం గడులు నింపాడు.

డాక్టరుగారు ఫోటో చాలాసేపు చూశారు. ఆయన కళ్లలో కూడా ఒక మెరుపు వచ్చింది, ఆవిడ చూసింది. తర్వాత అది ఆరిపోయింది. ఆయన వేలు పుస్తకంలో ఖాళీగా ఉన్న చివరి గడి మీద ఆగింది. ఆ గడి పేరు 'కోసినవారు'.

"ఇవి కోసింది మీరేనా?"

"నేనే సార్."

"ఒక్కరేనా? పక్కన ఎవరూ లేరా?"

"లేరు సార్."

ఆయన సొరుగులోంచి ఆవిడ వివరణ తీసి పుస్తకం పక్కన పెట్టారు. కేకలేశారంటే ఆవిడకు బాగుండేది. ఆయన మెల్లగా, అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తున్నట్టు మాట్లాడారు. "లూపు కాల్చానో లేదో గుర్తులేదని మీరే రాశారు. మరి నిన్న పట్టకారు కాల్చారని నేనెలా నమ్మాలి? రేపు వేరేవాళ్లు నన్నడిగితే? ఎవరిమీద అనుమానం ఉందో వాళ్లే నమూనా కోస్తే, అది రుజువెలా అవుతుంది?"

"నేను లెక్కపెట్టి మరీ కాల్చాను సార్."

"ఉండొచ్చు."

కలం తీసి, ఆ మూడు వరసల మీదా అడ్డంగా గీత గీశారు. పక్కన 'చెల్లదు' అని రాశారు. ఆకులాయన తన బూట్ల వంక చూసుకున్నాడు. "రేపు నేనే కోస్తాను," అన్నారు డాక్టరుగారు. "అప్పుడు ఎవరికీ ఏ అనుమానమూ ఉండదు."

ఆవిడ బయటికొచ్చింది. నిన్నంతా భయం. ఈపూట మొదటిసారి కోపం వచ్చింది. కిటికీ గట్టు దాకా ట్యూబులు మోసుకెళ్లిన నడక, మూడు పదిహేనులు లెక్కపెట్టిన గొంతు, అన్నిటి మీదా ఒక్క గీత. నిజం రాసినందుకు నిజమే తన్నింది. దొంగచేత్తో చేసి ఉన్నా ఇదే గీత పడేది, శుభ్రంగా చేసినా ఇదే పడింది. ఇంట్లో ఆడపడుచు "ఏమైంది వదినా" అంటే, "ఏం కాలేదు, రేపు ఆయన కోస్తాడట" అని, ఉన్న గిన్నెలన్నీ మళ్లీ తోమింది.

గురువారం పదిన్నరకి డాక్టరుగారు బయటి చెప్పులు విప్పి, తెల్ల చెప్పులు తొడుక్కుని కల్చర్ గదిలోకి వచ్చారు. చెప్పులు చిన్నవి, మడమలు బయటికే ఉన్నాయి. ఆ స్టూలు మీద ఆయన కూర్చుని ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియాలి. కాగితాలూ ఫోన్లూ పట్టిన చేతులు. ఆవిణ్ణి గోడ దగ్గర నిలబడమన్నారు, దేన్నీ ముట్టొద్దన్నారు. ఆకులాయన బల్ల చివర కూర్చుని, చిన్న సీసాల మీద అంకెలు రాసుకుంటున్నాడు.

ఈసారి నాలుగు నమూనాలు. పోల్చి చూడ్డానికి ముందు ఎర్ర టేపు ట్యూబుల్లో ఒకటి, అందులో వైరస్ ఉన్నట్టు తెలిసిందే. తర్వాత మూడు పొట్లాలు. ముందు పొట్లాలు కోసి, ట్యూబు ఆఖర్న ముట్టుకోవాలని ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మాట్లాడితే మళ్లీ ఏమంటారో. ఊరుకుంది.

డాక్టరుగారు పట్టకారు స్పిరిట్‌లో ముంచారు. మంటలో పెట్టారు. బాగానే కాల్చారు. ట్యూబు బిరడా తీయడానికి రెండు చేతులూ చాలలేదు, మూడో చెయ్యి కోసం వెతుక్కున్నట్టు అటూ ఇటూ చూసి, చివరికి ఒడుపు దొరికింది. పచ్చటి నాచు చిటికెడు తీసి, ఆకులాయన అందించిన సీసాలో వేశారు. ఇంతలో కళ్లజోడు ముక్కు మీంచి జారింది. తొడుగున్న వేలితో తోసుకోకూడదని గుర్తొచ్చి, ముంజేత్తో తోసుకున్నారు. మళ్లీ జారింది. మళ్లీ తోసుకున్నారు. ముప్ఫై నాలుగేళ్ల పొట్లం మడత విప్పి, పట్టకారు దాని మీదికి దించారు.

కాల్చలేదు.

ఆవిడ ఆకులాయన వంక చూసింది. తల దించుకుని అంకె రాస్తున్నాడు. ఎవరూ చూడలేదు. ఆ పట్టకారు కొసన ట్యూబులోని నాచు కంటికి కనిపించనంత అంటుకుని ఉంటుంది. అది పొట్లంలోకి పోతుంది. అక్కణ్నుంచి మిగతా రెండింట్లోకి. రేపు అన్ని గడుల్లోనూ గీత ఉంటుంది. కోసింది స్వయానా డాక్టరుగారు, ఇక 'చెల్లదు' అని రాసే మొనగాడెవడూ లేడు. కాగితం మీద సంతకం పడుతుంది. తను చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకపోవడమే. ముట్టొద్దన్నారు, మాట్లాడొద్దనే కదా అర్థం?

పట్టకారు కొస రాతిపువ్వు అంచును పట్టుకుంది.

"సార్, కాల్చలేదు."

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఏంటి?"

"ట్యూబులోది తీశాక పట్టకారు కాల్చలేదు సార్. ఆ పొట్లం ఇక పనికిరాదు."

"కాల్చానే." చెయ్యి గాల్లోనే ఉంది. దీపం వంక చూశారు, పట్టకారు వంక చూశారు. "కాల్చాను. ఇప్పుడే... కళ్లజోడు జారింది, ఆ తర్వాత..." ఆయన ఆకులాయన వైపు తిరిగారు.

"నేను చూడలేదండీ," అన్నాడు ఆకులాయన. "రాసుకుంటున్నాను."

డాక్టరుగారి నుదుటి మీద చెమట బిందువులు నిలిచాయి. పాతికేళ్ల చదువూ, ఆ కుర్చీ, ఆ పేరూ ఏవీ అక్కరకు రావడం లేదు. అరనిమిషం కిందట తన చెయ్యి ఏం చేసిందో ఆయనకు తెలియడం లేదు. ఆవిడకు జాలి వేసింది. అది ఎలాంటి చోటో ఆవిడకు బాగా తెలుసు, నాలుగు రోజులుగా అక్కడే నిలబడి ఉంది.

"ఆవిడ నోరు మూసుకుని ఉంటే ఆవిడకే లాభం కదండీ," అన్నాడు ఆకులాయన, ఎవరికీ చెప్పనట్టు, సీసాతో అన్నట్టు.

డాక్టరుగారు పట్టకారు కింద పెట్టారు. నెమ్మదిగా తొడుగులు విప్పి, స్టూలు మీంచి లేచారు. "పాత బీరువాలో ఇంకా పొట్లాలున్నాయా?"

"ఉన్నాయి సార్. అదే ఏడాదివి ఆరు."

"తెండి." స్టూలు వైపు చెయ్యి చూపించారు. "మీరు కొయ్యండి. నేను పక్కనే ఉంటాను."

ఆవిడ కదల్లేదు. పదకొండేళ్లలో ఆయన చెప్పిన పనికి ఎప్పుడూ వెంటనే లేచింది. ఈసారి గోడ దగ్గరే నిలబడి, కొంగు బొడ్లో దోపుకుంది.

"ముందు నిన్నటిది సరిచెయ్యండి సార్. అది చెల్లకపోతే ఇవాళ్టిది మాత్రం నా చేత్తో ఎలా చెల్లుతుంది?"

ఆకులాయన కలం ఆగిపోయింది. డాక్టరుగారి మొహం ఎర్రబడింది. బల్ల చివరనున్న నమూనాల పుస్తకం తనవైపు తిప్పుకుని, నిన్నటి పేజీ తెరిచారు. గీసిన గీతను ఎవరూ చెరపలేరు. అందుకని దాని పక్కన, ఇరుకులో, చిన్న అక్షరాలతో 'చెల్లుతుంది' అని రాసి సంతకం పెట్టారు. 'కోసినవారు' గడిలో ఆవిడ పేరు రాయడానికి కొంచెం ఆగి, ఇంటిపేరు అడిగారు. ఆవిడ చెప్పింది. పూర్తిగా రాశారు.

అప్పుడు ఆవిడ చెప్పులు సర్దుకుని వచ్చి స్టూలు మీద కూర్చుంది. పట్టకారు స్పిరిట్‌లో ముంచి మంటలో పెట్టింది. కొసలు ఎర్రబడేదాకా ముగ్గురూ దాన్నే చూశారు.